చక్రాల ఇంటికి గడప

నాకు ముక్కు మీద కోపం. ఈ మాట నేను చెప్పుకోవడం కాదు, తెనాలి కోర్టు బయట టీ కొట్టు దగ్గర ఎవర్నడిగినా చెబుతారు. ఏళ్ళ తరబడి సివిల్ కేసులు చూస్తున్నాను. గట్టు తగాదాలు, దారి తగాదాలు, అన్నదమ్ముల పంపకాలు, అద్దెకున్నవాళ్ళు ఖాళీ చెయ్యట్లేదని దావాలు. ఊళ్ళోవాళ్ళు నా సలహా కోసం పొద్దున్నే వచ్చి వరండాలో కూర్చుంటారు. మా వాళ్ళు మాత్రం అంతా అయిపోయాక వచ్చి, "ఇప్పుడేం చెయ్యాలమ్మాయ్?" అంటారు. ఇంట్లో లాయరుంటే ఇంతే. ఇంట్లో డాక్టరున్న వాళ్ళు కూడా ఇలాగే ఏడుస్తారని విన్నాను.

ఇది మా వదిన ఇంటి సంగతి. వదినంటే మా అన్నయ్య భార్య. పుట్టిల్లు రేపల్లె. పెళ్ళయి తెనాలి వచ్చిన దగ్గర్నుంచీ అద్దె ఇళ్ళే. మా అన్నయ్య రైసుమిల్లులో గుమస్తా, నెమ్మదైన మనిషి, జీతం కూడా ఆయనలాగే నెమ్మదిగా పెరిగేది. అద్దె ఇంట్లో గోడకి మేకు కొట్టాలంటే ఓనరుగార్ని అడగాలి. చుట్టాలు రెండ్రోజులెక్కువ ఉంటే నీళ్ళ మోటారు గురించి మాటొస్తుంది. ఓనరుగారి అమ్మాయి పురిటికొస్తోందంటే సామాను సర్దుకోవాలి. వదిన ఒక్కో ఇల్లూ ఖాళీ చేసేటప్పుడు గచ్చు కడిగి, ముగ్గేసి మరీ వచ్చేది. "పోయే ఇంటికి ముగ్గెందుకే" అని మా అమ్మ నవ్వితే, "నేనున్నన్నాళ్ళూ నాదేగా అత్తయ్యా" అనేది. అప్పుడు నేనూ నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రాదు.

వాళ్ళమ్మ తరఫు నుంచి రేపల్లె దగ్గర కాస్త మాగాణి వదిన పేరు మీద ఉండేది. అన్నయ్య మిల్లు మానేసే రోజులొచ్చాక అది అమ్మేశారు. వచ్చిన డబ్బుకి తెనాలిలో ఫ్లాటు కాదు కదా, ఫ్లాటులో వంటగది కూడా రాదని తేలింది. ఆ దిగులులో ఉండగా ఫోన్లో ఒక వీడియో చూసింది. విదేశాల్లో సముద్రం ఒడ్డున వరసగా చక్రాల ఇళ్ళు. లోపల మంచం, పొయ్యి, స్నానాల గది, కిటికీకి పరదాలు. వాటిని సెలవులకి వచ్చినవాళ్ళకి అద్దెకిస్తారట. వదిన ఆ వీడియో నాకు, అన్నయ్యకి, పాలాయనకి, పక్కింటి పిన్నిగారికి, అందరికీ చూపించింది.

"ఇది సూర్యలంకలో పెట్టామనుకో. శని, ఆదివారాలు గుంటూరోళ్ళకీ మన తెనాలోళ్ళకీ అద్దెకిద్దాం. మిగతా రోజులు మేమే ఉంటాం. నా ఇల్లు నాకుంటుంది" అంది.

"చక్రాలున్నదాన్ని ఇల్లనరు వదినా, బండంటారు" అన్నాను.

"నువ్వు కోర్టులో అనుకో ఆ మాట. నా దగ్గర అనకు" అని మొహం తిప్పుకుంది.

వాళ్ళ పిన్ని కూతురు ఒకామె ఆస్ట్రేలియాలో ఉంటోంది. అక్కడ అలాంటి ఇంట్లో కొన్నాళ్ళు అద్దెకుంది కూడా. వదిన ఆమెకి వీడియో కాల్ చేసి, ఫోన్ నా చేతికిచ్చింది, ఆవిడ మెచ్చుకుంటే నేను వింటానని. ఆవిడేమో మెచ్చుకోలేదు. "అక్కా, ఇక్కడ బండి నీదైనా దాని కింద నేల నీది కాదు. నేలకి వేరే ఒప్పందం రాసుకోవాలి. ఖాళీ చెయ్యమంటే ఎంత గడువిస్తారు, నువ్వింకొకళ్ళకి అద్దెకివ్వొచ్చా లేదా, కరెంటు ఎవరిది, మురుగు నీళ్ళు ఎటు పోతాయి, అన్నీ ముందే తేల్చుకోవాలి. చక్రాలు పీకి నేలకి కట్టేశావంటే ఇంక దాన్ని బండిగా చూడరు, రూళ్ళన్నీ మారిపోతాయి" అంది. ప్రాణం లేచొచ్చింది నాకు. "విన్నావా వదినా, దేశం ఏదైనా చట్టం ఒకేలా ఆలోచిస్తుంది. మొదట నేలెవరిదని అడుగుతుంది" అన్నాను. వదిన ఫోన్ లాక్కుని, "పరదాలు ఎక్కడ కొన్నావే?" అని అడిగింది.

సరే, ఆవిడ పట్టు పట్టిందంటే వదలదు. విజయవాడ ఆటోనగర్లో లారీ బాడీలు కట్టే షెడ్డులో ఇల్లు కట్టించారు. చేసినవాళ్ళు జన్మలో లారీలే చేశారు కాబట్టి, ఇంటి వెనకవైపు అలవాటు కొద్దీ తామరపువ్వూ రెండు చిలకలూ వేశారు. మా అన్నయ్య తుడిపిద్దామంటే వదిన, "ఉండనివ్వండి, కళగా ఉన్నాయి" అంది. అది రోడ్డు మీద లాక్కెళ్ళే ట్రైలరు కాబట్టి రవాణా ఆఫీసులో రిజిస్ట్రేషను కావాలని నేను వెంటపడ్డాను. వదినకి అదొక అవమానం. "ఇంటికి నంబరు ప్లేటేంటమ్మాయ్, ఛీ" అంది. ఆ ప్లేటు కనబడకుండా దాని ముందు కనకాంబరాల కుండీ పెట్టింది.

స్థలం బాపట్ల ఆసామిది. సూర్యలంక రోడ్డు దాటి కాస్త లోపలికి, సరుగుడు తోట అంచున ఇసక నేల. నేను కాగితాలన్నీ తీయించాను. పట్టా ఉంది, ఈసీలో ఏ తాకట్టూ లేదు. మన వైపు అందరూ రాసుకునే పదకొండు నెలల అగ్రిమెంటే రాశాం. అందులో ఒక షరతు నా చేత్తో నేనే రాశాను. బండిని చక్రాల మీదే ఉంచాలి, ఆ స్థలంలో ఏ విధమైన కట్టడమూ కట్టరాదు. ఇంకాస్త ఊరివైపు, సముద్రానికి దూరంగా పెట్టుకోమని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. "సముద్రం చప్పుడు వినబడకపోతే ఎవరొస్తారమ్మాయ్?" అంది వదిన. వ్యాపారం మాట కాబట్టి సరేనన్నాను.

అయినా కూర్చోబెట్టి చెప్పాను. "చూడు వదినా. సముద్రపు పోటు ఎంతవరకూ వస్తుందో అక్కణ్ణుంచి ఇంత దూరం లోపల ఏదీ కట్టకూడదని చట్టం. బండి నిలపడం వేరు, ఇల్లు కట్టడం వేరు. బండి నిలిపినా ఎవరైనా అభ్యంతరం పెట్టొచ్చు. కానీ అప్పుడు వాదించడానికి నాకో దారుంటుంది. ఒక్క ఇటుక పేర్చావంటే ఆ దారి మూసుకుపోతుంది. అర్థమైందా?"

"అయిందమ్మా. ఒక్క ఇటుక కూడా పెట్టను" అంది. ఆ క్షణంలో ఆవిడ అబద్ధం ఆడలేదు, నాకు తెలుసు.

గృహప్రవేశం రోజున నాకు వాయిదా ఉంది. జడ్జిగారు కదలనివ్వలేదు. రైల్లో బాపట్లలో దిగి, ఆటో పట్టుకుని సూర్యలంక చేరేసరికి భోజనాలు అయిపోయి ఆకులు ఎత్తేస్తున్నారు. మామిడి తోరణాలు, పసుపు కుంకాలు, ఇసకలో కుర్చీలు. బాగానే ఉంది. తీరా చూద్దును కదా, చక్రాలు లేవు! చక్రాలుండాల్సిన చోట ఇటుక గోడ. దాని మీద సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది. తలుపు ముందు మూడు మెట్లు, మెట్ల పైన సిమెంటులో దిగేసిన టేకు గడప. గడపకి పసుపు, కుంకుమబొట్లు.

"వదినా!" అని నేనరిచిన అరుపుకి వంటవాళ్ళు గరిటెలు దించేశారు.

జరిగిందేంటంటే, రేపల్లె నుంచి పిలిపించిన సిద్ధాంతిగారు ముందురోజే వచ్చి చూశారు. గుమ్మం దక్షిణానికి ఉందన్నారు. ట్రాక్టరు పెట్టి తూర్పుకి తిప్పారు. తిప్పితే ఇసకలో ఒక చక్రం దిగబడి ఇల్లు ఒరిగింది. ఒరిగిన ఇంట్లో పాలు ఎలా పొంగిస్తారు? అందుకని జాకీలెత్తి, చక్రాలు విప్పి, సరిగ్గా మట్టానికి ఇటుకలు కట్టారు. అవి ఎటూ కట్టారు కాబట్టి, ఇంటికి గడప లేదే అన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. చక్రాలు నాలుగూ సరుగుడు చెట్ల కింద గోనెపట్టా కప్పి ఉన్నాయి.

"అగ్రిమెంటులో రాశానుగా! ఒక్క ఇటుక కూడా పెట్టనన్నావుగా!"

"గడప లేకుండా కుడికాలు ఎక్కడ పెట్టి లోపలికి రమ్మంటావ్?" అంది వదిన. ఆవిడ అంతే. నా కోపానికి ఎదురు కోపం రాదు, ప్రశ్న వస్తుంది. దానికి నా దగ్గర సెక్షను లేదు. "నేను పుట్టింటి గడప దాటాను, అత్తింటి గడప తొక్కాను, అద్దె ఇళ్ళ గడపలు ఎన్ని దాటానో లెక్క లేదు. నాకంటూ ఒకటి పెట్టుకోకూడదా? ముందు చేతులు కడుక్కో. పులిహోర తీసి ఉంచాను."

మా అన్నయ్య నా వైపు చూడకుండా మంచినీళ్ళ గ్లాసు తెచ్చిచ్చాడు. ఒళ్ళు మండిపోతున్నా తిన్నాను. పులిహోర బాగుంది, ఆ సంగతి మాత్రం చెప్పలేదు. ఇటుకలు పీకించి చక్రాలు బిగించేదాకా నాతో మాట్లాడొద్దని చెప్పి వచ్చేశాను. వదిన రోజూ ఫోన్ చేసి మాట్లాడింది.

ఆ తర్వాతి నెలలు మాత్రం వాళ్ళకి బాగా జరిగాయి, కాదనను. తెనాలి అద్దె ఇల్లు ఇంకా వదల్లేదు కాబట్టి, శుక్రవారం సాయంత్రం అన్నయ్య, వదిన అక్కణ్ణుంచి వెళ్ళి దుప్పట్లు మార్చేవాళ్ళు. వచ్చినవాళ్ళ ఆధార్ కాపీలు తీసుకోమని, తాగి గొడవ చేస్తే పంపించేస్తామని ముందే చెప్పమని నేను ఫోన్లోనే అరిచేదాన్ని. వదిన వాటితోపాటు తన రూళ్ళు కూడా చేర్చింది. చెప్పులు మెట్ల కిందే విడవాలి. గడప మీద కూర్చోకూడదు. తడి ఇసక కాళ్ళతో మంచమెక్కకూడదు. కార్తీక మాసంలో సముద్రస్నానాలకి జనం విరగబడినప్పుడు ఒక్క రోజు కూడా ఖాళీ లేదు.

ఒక ఆదివారం నేనూ వెళ్ళాను. గుంటూరు నుంచి వచ్చిన కుటుంబం తాళం ఇచ్చేసి వెళ్ళిపోతోంది. అందులో పెద్దావిడ, "వెళ్ళొస్తామండీ ఓనరుగారూ, ఇల్లు చాలా చక్కగా పెట్టుకున్నారు" అంది. ఆ మాటకి వదిన మొహం చూడాలి! కారు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడి, నా వైపు తిరిగి, "ఓనరుగారంది, విన్నావా?" అంది. విన్నాను. ఆ పూట ఇటుకల మాట ఎత్తడానికి నాకు మనసొప్పలేదు.

కొంప ముంచింది ఎవరూ కాదు, ఆవిడే. ఎవరో పితూరీ పెట్టారేమో అని తర్వాత అందరూ అడిగారు. పితూరీ కాదు, పాడూ కాదు. వదిన తనంతట తాను పంచాయతీ ఆఫీసుకి వెళ్ళి, మా ఇంటికి పన్ను వెయ్యండి అని అడిగింది! లోకంలో ఇంటి పన్ను ఎగ్గొట్టేవాళ్ళని చూశాను, తగ్గించమని కాళ్ళావేళ్ళా పడేవాళ్ళని చూశాను. వెయ్యమని బతిమాలిన మనిషిని మా వదిన్ని ఒక్కదాన్నే చూశాను. పన్ను రసీదు మీద ఇంటి నంబరు వస్తుంది, ఇంటి నంబరు పక్కన తన పేరొస్తుంది, అదీ ఆవిడ ఆశ. నాకు చెబితే వద్దంటానని చెప్పలేదు.

ఇల్లు చూడకుండా పన్ను వెయ్యరుగా. పంచాయతీ కార్యదర్శి వచ్చింది, వెంట సర్వేయరు వచ్చాడు. టేపు పట్టి కొలిచారు. వదిన వాళ్ళకి కాఫీ ఇచ్చి, గడప దగ్గర నిలబెట్టి ఫొటో కూడా తీయించుకుంది. వారం తిరక్కుండా నోటీసు వచ్చింది. సముద్రతీరంలో నిషేధిత ప్రాంతంలో అనుమతి లేకుండా నిర్మించిన గృహాన్ని ఎందుకు తొలగించరాదో తెలపాలి అని.

"గృహం అనే రాశారమ్మాయ్" అంది వదిన ఫోన్లో. అంత భయంలోనూ ఆ మాట దగ్గర ఆగింది.

మర్నాడు ముగ్గురం ఆఫీసుకెళ్ళాం. కార్యదర్శి చిన్న వయసు పిల్ల, మర్యాద తెలిసిన పిల్ల. నేను పోట్లాడదామనే వెళ్ళాను. ఆ అమ్మాయి అవకాశం ఇవ్వలేదు.

"మేడమ్, నేను చూసింది పునాది, మెట్లు, గడప. చక్రాలు ఎక్కడా కనబళ్ళేదండి. ఇల్లయితే అది అక్కడ ఉండకూడదు, కూల్చక తప్పదు. స్థలం ఇచ్చినాయన మీదకి కూడా వస్తుంది. ఇల్లు కాదు, తరలించే వాహనమే అంటారా, రిజిస్ట్రేషను కాగితం చూపించి, బండి ఓనరుగారు అలాగని రాసిచ్చి, గడువులోగా కట్టడం తీసేసి బండి తీసుకెళ్ళిపోండి. నేను పైకి అలాగే రాస్తానండి" అంది.

"కోర్టుకెళ్తే?" అని అన్నయ్య నన్నడిగాడు.

వెళ్ళొచ్చు. హైకోర్టులో రిట్టు వెయ్యొచ్చు, స్టే రావచ్చు, రాకపోవచ్చు. రాకపోతే ఆటోనగర్లో చేసిన ఆ డబ్బా మొత్తం జేసీబీ కింద పోతుంది. పొలం అమ్మిన డబ్బంతా అందులోనే ఉంది. నేను రాసిన అగ్రిమెంటే నాకు అడ్డం తిరుగుతుంది, కట్టడం కట్టరాదని అందులో ఉందిగా. ఇదంతా అక్కడే, బల్ల ముందు, వాళ్ళిద్దరికీ విడమర్చి చెప్పాను. ఎంత నెమ్మదిగా చెప్పానంటే మా అన్నయ్య ఆశ్చర్యపోయి చూశాడు.

ఎప్పటికైనా ఇలాంటిదొస్తుందని, రేపల్లె దారిలో ఒకాయన నిమ్మతోట పక్క ఖాళీ జాగా ముందే చూసి పెట్టాను. సముద్రానికి బాగా దూరం, ఇలాంటి నిషేధం ఏదీ లేదు. వెనకే కాలవ, చల్లగానే ఉంటుంది. అద్దెకెవరొస్తారో తెలీదుగానీ, బండి మాత్రం నిలుస్తుంది. వదిన అంతా విని ఒక్కటే అడిగింది. "అక్కడైతే ఇల్లంటారా?"

"అక్కడా చక్రాలు విప్పకూడదు వదినా. విప్పితే పర్మిషన్లు, ప్లాను, మళ్ళీ మొదటికొస్తుంది."

"అంటే ఎక్కడైనా బండే."

"బండే" అన్నాను. ఈ మాట ఇంతకుముందు ఎన్నిసార్లు అన్నానో. ఈసారి ఆవిడ మొహం చూడకుండా అన్నాను.

కాగితం నేనే రాశాను. రోజూ ఇలాంటివి రాసే చెయ్యే. నాకు చెందిన సదరు వస్తువు నివాస గృహము కాదనియు, ఒకచోటు నుండి మరొకచోటుకు తరలించదగిన వాహనము మాత్రమేననియు ఇందుమూలముగా తెలియజేయడమైనది. చదివి వినిపించాను. వదిన కళ్ళజోడు పెట్టుకుని, నేను చదివింది నమ్మనట్టు, వేలు పెట్టి మళ్ళీ తనే చదువుకుంది.

"కాదు అనకుండా ఇంకోలా రాయలేవా? ఇంత చదువు చదివావు" అంది.

"రాయలేను వదినా. ఆ ఒక్క మాట కోసమే ఈ కాగితం."

"కాదనియు" దగ్గర వేలు ఆగిపోయింది. కార్యదర్శి అమ్మాయి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది, తొందరపెట్టలేదు. ఆ పిల్లకి ఎప్పటికీ రుణపడి ఉంటాను. చివరికి వదిన పెన్నడిగింది. ఆవిడ సంతకం చాలా గుండ్రంగా, స్కూలు పిల్లల సంతకంలా ఉంటుంది. ఆరోజూ అలాగే పెట్టింది.

గడువు చివరి రోజు పొద్దున్నే ట్రాక్టరు తెచ్చుకుని సూర్యలంక వెళ్ళాం. సముద్రం ప్రశాంతంగా ఉంది, గాలి కూడా పెద్దగా లేదు. అప్పుడు ఇటుకలు కట్టిన మేస్త్రీనే పిలిపించాం. గోడ పగలగొట్టాడు. జాకీలెత్తి, సరుగుడు చెట్ల కింద నుంచి చక్రాలు తెచ్చి బిగించారు. మెట్లు పగలగొట్టాడు. మిగిలింది గడప. అది అటు సిమెంటు దిమ్మలోనూ ఇటు ఇంటి చట్రంలోనూ బిగిసిపోయి ఉంది, అది విరగ్గొడితేగానీ బండి కదలదు. వదిన శుక్రవారం పూసిన పసుపు ఇంకా దాని మీద పచ్చగానే ఉంది.

మేస్త్రీ సుత్తెత్తి, మళ్ళీ దించేశాడు. "నావల్ల కాదండి అమ్మగారూ. ఇంకేదైనా కొడతాను. ఇంటి గడప ఎలా కొట్టమంటారండి?" అన్నాడు. మా అన్నయ్య తల పక్కకి తిప్పుకున్నాడు. నేను ముందుకెళ్ళి, "ఆ సుత్తి ఇటివ్వు" అన్నాను గట్టిగా. అరవడం తప్ప నాకేం చేతనవును?

వదిన నా చెయ్యి పట్టుకుని ఆపింది. మేస్త్రీ వైపు తిరిగింది. ఆవిడ గొంతులో కోపం లేదు, ఏడుపూ లేదు.

"ఇల్లు కాదని సంతకం పెట్టి ఇచ్చాను నాయనా. కొట్టు" అంది.